నాలుగో తీగ

ఆటో ముట్టుకుంటే చీమ కుట్టినట్టుందని
తవిటమ్మ కబురు పెట్టింది.
గుణుపురం, వంశధార వైపు చివరి వీధి.
కరెంటు బిల్లు ఒడియాలో, దాని మీద తిట్లు తెలుగులో.
వాకిలంతా సిమెంటు,
పోయినేడే పోశారు, పలుగు వేస్తే ఊరుకోరు.

ఇంటికీ షెడ్డుకీ మధ్య తొంభై అడుగులు.
సిమెంటు కింద అరంగుళం పైపు,
పైపులో ఎరుపు, నలుపు, పచ్చ.
నాలుగో తీగ పంపుదామని స్ప్రింగు తోశాను.
సగంలో ఆగింది.
పుట్టమన్నో మరేదో లోపల కాపురం పెట్టింది.

షెడ్డులో సిమ్మయ్య.
ముప్పై ఏళ్లు రైసుమిల్లులో చేసి
చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చినవాడు.
ఇప్పుడు బ్యాటరీ ఆటో తోలుతున్నాడు,
రాత్రంతా దానికి కరెంటు తాగించాలి.
అన్నం ఉడికితే ఆవిడ కేకెయ్యదు.
వంటింట్లో స్విచ్చి రెండుసార్లు నొక్కుతుంది,
షెడ్డులో లైటు ఆరి వెలిగి, ఆరి వెలుగుతుంది.
అతను చేతులు కడుక్కుంటాడు.

బోర్డు విప్పాను.
ఛార్జరుకి ఎరుపు.
తిరుగుదారికి నలుపు.
లైటు వంటింటి మాట వినాలి గనక
పచ్చని లాగి స్విచ్చికి కట్టారు.
నేలలోకి దిగవలసింది
బల్బు మొయ్యడానికి పోయింది.
ఛార్జరులో కారిన కరెంటు దారి లేక
ఆటో ఒంటి మీద కూర్చుంది.

ఎవడ్రా ఈ పని చేసింది అనబోయి
టేపు విప్పాను.
ముడి ఎడమకి తిరిగి ఉంది.
ఈ చుట్టుపక్కల ఎడమచేతి మిస్త్రీని నేనొక్కణ్ణే.

పన్నెండేళ్ల కిందట, మీసం సరిగా రాని రోజుల్లో,
మూడు తీగలతో నాలుగు పనులు చేశానని
ఇదే గుమ్మంలో బెల్లం టీ తాగి
సైకిలు మీద ఈల వేసుకుంటూ పోయాను.

పచ్చ తీగ రోజూ ఏ పనీ చెయ్యదు.
బల్బు వెలిగించదు, ఫ్యాను తిప్పదు,
ఊరికే పడి ఉంటుంది,
అందుకే అందరి కళ్లూ దాని మీదే.
దాని పని ఒక్క క్షణం.
ఆ క్షణం రాకపోతే మంచిదే.
వస్తే మాత్రం
అది ఇంకో కూలికి పోయి ఉండకూడదు.

"తీసెయ్యాలి వదినా."
"మరి నానెలాగ పిలవాల?"

రిమోటు బల్బులున్నాయన్నాను.
"అందులో సెల్లయిపోతే మా ముసలోడు పస్తేనా?"

దండెం మీద తెగిన వల ఆరేసి ఉంది,
మరిది ఏట్లో వేసేది.
దాని అంచు తాడు అడిగి తీసుకున్నాను.
షెడ్డు దూలానికి లాగుడు స్విచ్చి బిగించి,
రెండు కప్పీల మీంచి, మునగ కొమ్మ తప్పించి,
తాడు కొస వంటింటి కిటికీలో వేశాను.
ఆవిడ లాగింది. ఏమీ కాలేదు.
మళ్లీ లాగింది, బావిలో చేద తోడినట్టు.
టక్.
మధ్యాహ్నం మూడింటికి సిమ్మయ్య
ఇదేం భోజనం వేళని గొణుక్కుంటూ
చేతులు కడుక్కోడానికి లేచాడు.

పచ్చని పచ్చగా వదిలేశాను.
మీటరు కింద గొయ్యిలో ఉప్పూ బొగ్గూ వేసి
మూడు బిందెలు నీళ్లు పోశాను.
సన్న తీగమ్మా, చిన్న ఛార్జరే పెట్టండి,
తెల్లారేదాకా మెల్లగా తాగనివ్వండి,
ఇస్త్రీపెట్టె అటు తేవద్దు అని
రెండుసార్లు చెప్పాను.
డబ్బులు వద్దన్నానంటే అబద్ధం.
సగం తీసుకున్నాను.

సామాన్లు సర్దేసరికి చీకటి పడింది.
వంటింట్లో పాత గుండు బల్బు
ఒక్క పిసరు తల వంచింది.
"పెట్టేడు," అంది తవిటమ్మ
కూర కలుపుతూ, అటు చూడకుండానే.

అది వోల్టేజి పడిపోవడం, తీగ సన్నం గనక.
చెబుదామని నోరు తెరిచి
టెస్టరు జేబులో పెట్టుకున్నాను.